మానిపోయిన ఇనుము

ఇంటికి చుట్టాలొస్తే ఎవరి మొగుడైనా ఫ్యాను వేస్తాడు, కుర్చీ జరుపుతాడు, పిల్లల మార్కులు చెబుతాడు. మా ఆయన గరిటెలు కోస్తారు.

కాఫీ గ్లాసులు చేతికి అందీ అందకముందే వంటింట్లోకి వచ్చి, నేను పప్పులో తిప్పుతున్న గరిటెను లాక్కుపోయి, వచ్చినవాళ్ళ కళ్ళెదుట దాని కాడ మీద చిన్న రంపంతో ఒక గాటు పెడతారు. ఆ గాటును వేడి కాఫీ గ్లాసుకు ఆనించి, ఊళ్ళో వానల సంగతి అడుగుతారు. చుట్టాలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు. నేను లోపల గరిటె లేని పప్పును చూసుకుంటాను. కాఫీ తాగడం పూర్తయ్యేసరికి కాడ మీద గాటు ఉండదు. వేలితో తడిమినా తెలియదు.

"చూశారా! ఒంటి మీద దెబ్బ మానినట్టు మానిపోయింది" అంటారు మా ఆయన.

"అయితే అన్నయ్యగారూ, అంట్లు కూడా దానంతట అదే తోముకుంటుందా?" అని ఒకావిడ అడిగింది. ఆ లోహాన్ని గురించి అంత పనికొచ్చే ప్రశ్న అప్పటిదాకా ఎవరూ వెయ్యలేదు. మా ఆయన నొచ్చుకుని ఆవిడకు రెండో కాఫీ ఇమ్మనలేదు.

మా గరిటెలు చేయించిన ఆ లోహం పేరు సంజీవి. గాజువాక దాటాక కొండ పక్కనున్న లోహాల లాబ్‌లో మా ఆయన, డాక్టర్ నరహరిగారు, జుట్టు నెరిసేదాకా దాని వెనక పడ్డారు. ఇనుములో ఏవేవో కలిపి, ఎలాగో కాల్చి, ఎక్కడైనా పగులు వస్తే కాస్త వేడి తగలగానే ఆ పగులు అంచులు రెండూ మెల్లగా పాకి కలిసిపోయేలా చేశారు. నేను బీఎస్సీ కెమిస్ట్రీ కాబట్టి చెబితే అర్థమవుతుందని ఆయన నమ్మకం. అర్థమైనట్టు తలూపడం మాత్రం నాకు బీఎస్సీ నేర్పలేదు, కాపురం నేర్పింది.

ఒక కార్ల కంపెనీ ఆ లోహాన్ని కొనుక్కుంది. స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను తిప్పే కడ్డీ ఒకటి ఉంటుందట. గతుకుల రోడ్ల మీద ముందు పగిలేది అదేనట. ఆ కడ్డీని సంజీవితో చేశారు. సంతోషం పట్టలేక మా ఆయన ఆ కార్లు రెండు తీసుకున్నారు. ఒకటి మాకు, ఒకటి విజయనగరంలో లెక్కల మాస్టారుగా ఉన్న మా తమ్ముడు శేషుకు.

మా కారు మా అత్తగారి పేరు మీద ఉంది. ఆవిడకు డ్రైవింగ్ రాదు. స్కూటరు వెనక కూడా కళ్ళు మూసుకునే కూర్చుంటారు. కానీ అప్పట్లో మా ఆయనకు ఏలినాటి శని నడుస్తోందనీ, శనిది ఇనుము గనక ఇనుప వస్తువేదీ ఆయన పేరు మీద కొనకూడదనీ ఆవిడ జ్యోతిష్కుడు చెప్పాడు. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా ఇనుముతోనే సంసారం చేసే మనిషి "అమ్మ మనసెందుకు కష్టపెట్టడం" అని కాగితాల మీద ఆవిడ చేతే సంతకం పెట్టించారు. ఫోన్ నంబరు కూడా ఆవిడదే ఇచ్చారు.

ఇంతవరకూ నవ్వుకోదగ్గ కథే.

శేషు, వాడి భార్య కాత్యాయని అరకు వెళ్ళి తిరిగి వస్తూ అనంతగిరి ఘాట్‌లో ఒక మలుపు దగ్గర లోయలో పడ్డారు. ఇంటర్ పరీక్షలని వాళ్ళమ్మాయి మేదిని మా ఇంట్లో ఉండిపోయింది. కాత్యాయని అక్కడికక్కడే పోయింది. శేషుకు పక్కటెముకలు విరిగాయి. ఆస్పత్రిలో కళ్ళు తెరిచిన దగ్గర్నుంచి వాడిది ఒకటే మాట.

"స్టీరింగ్ తిప్పానక్కా. కారు తిరగలేదు."

నర్సుతో అదే చెప్పాడు. పోలీసులతో అదే చెప్పాడు. కాత్యాయని తమ్ముడు వచ్చి వాడి చొక్కా పట్టుకున్నప్పుడూ అదే చెప్పాడు.

కడ్డీ రెండు ముక్కలై ఉంది. పడకముందు విరిగిందా, పడ్డాక విరిగిందా అన్నది తేల్చాలి. సంజీవి గురించి తెలిసిన మనిషి రాష్ట్రంలో ఒక్కరే కాబట్టి కోర్టు ఆయన్నే అడిగింది. సొంత బావమరిది కేసని తప్పుకుందామనుకున్నారు గానీ, "మీకంటే తెలిసినవాళ్ళెవరు సార్" అని ఎవరో అన్నారు. ఆ మాట అన్నాక మా ఆయన దేన్నుంచీ తప్పుకోరు.

ఆయన పరీక్ష మొదలుపెట్టిన రోజు మధ్యాహ్నం నేను క్యారియర్ తీసుకుని లాబ్‌కు వెళ్ళాను. తెల్లటి ట్రేలో రెండు ముక్కలున్నాయి. ఘాట్ రోడ్డు కింది పోలీస్ స్టేషన్ ఆవరణలో, నుజ్జయిన కారుతో పాటు వేసవంతా పడి ఉండి, అప్పుడే లాబ్‌కు చేరాయి.

"ఇలా వచ్చి చూడు హైమా" అని సూక్ష్మదర్శిని దగ్గరకు పిలిచారు. "విరిగిన చోట అద్దంలా ఉంది చూశావా? పాత పగులుంటే అంచు మెట్లుమెట్లుగా, గరుగ్గా ఉంటుంది. ఇది ఒక్క దెబ్బకు తెగింది. అంటే కింద పడ్డాకే విరిగింది."

"శేషు అబద్ధం చెప్పడండీ."

"అబద్ధమని ఎవరన్నారు? కునుకు పట్టినవాడికి కునుకు పట్టిందని తెలీదు."

"లోపల కూడా చూశారా?"

"కోస్తే సాక్ష్యం పాడవుతుంది. కొయ్యక్కర్లేదు. ఈ లోహం నాకు తెలుసు."

క్యారియర్‌లో ఆ రోజు గుత్తివంకాయ పెట్టాను. బాగుందన్నారు.

ఆయన రిపోర్టులో లోహదోషం లేదని రాశారు. డ్రైవరు అజాగ్రత్త అని కోర్టు రాసుకుంది. శేషు జైలుకు వెళ్ళాడు, ఉద్యోగం పోయింది. అవి ఎవరైనా ఊహించగలరు. నేను ఊహించనిది, తరవాత ములాఖత్‌లో జాలీ అవతల నిలబడి వాడు అన్న మాట.

"నిద్రపట్టేసినట్టుందక్కా."

"ఏవిట్రా నువ్వనేది? తిప్పితే తిరగలేదన్నావు కదా."

"అలా అనుకున్నాను. బావగారు పరీక్ష చేసి చెప్పారంటే అంతే అయ్యుంటుంది. ఆలోచిస్తే నాకూ గుర్తొస్తోంది. రెప్పలు బరువెక్కాయి."

మరుసటి ములాఖత్‌కు రెప్పలతో పాటు ఒక కల కూడా వచ్చి చేరింది. వాడు అబద్ధం చెప్పడం లేదు. లెక్కల మాస్టారు కదా, పుస్తకం వెనక జవాబు ఒకటి కనిపిస్తే, దానికి సరిపోయేదాకా తన లెక్కే తప్పని కొట్టేసుకుంటూ పోయాడు.

మేదిని మా ఇంట్లోనే ఉండిపోయింది. జైలు నుంచి వచ్చాక వాడు రెండుసార్లు చూడ్డానికి వచ్చాడు. పిల్ల గదిలోంచి బయటికి రాలేదు. "ఆ విజయనగరం ఆయన వెళ్ళిపోయారా అత్తా?" అని లోపల్నించి అడిగేది. మా ఇంట్లో శేషు పేరు క్రమంగా అలా మారిపోయింది. వాడు తను పాఠాలు చెప్పిన స్కూలుకెదురుగా జిరాక్స్ షాపులో పనికి కుదిరాడు.

మేదినికి అనకాపల్లి బ్యాంకులో ఉద్యోగం వచ్చిననాడు మా ఆయన కారు తాళాలు తెచ్చి దాని చేతిలో పెట్టారు.

"బస్సులెందుకమ్మా? పాతదైనా రాయిలాంటి బండి. నేను లాబ్ వ్యాన్‌లో వెళ్తాను."

అది తాళాలు పుచ్చుకుంది కానీ, వెంటనే బల్ల మీద పెట్టేసింది. అమ్మ పోయినది ఇలాంటి కారులోనే మరి. అయినా డ్రైవింగ్ స్కూల్లో చేరింది. "నేను నిద్రపోను కదత్తా" అంది. మా ఆయన మెచ్చుకున్నారు.

డ్రైవింగ్ నేర్పే పైడిరాజుగారు ఒక రోజు దాన్ని దింపుతూ అన్నారు. "పాత బండి కదమ్మా, రీకాల్ ఏటైనా ఉందేమో చూసుకున్నారా? ఏదైనా పార్టులో లోపం ఉందని అమ్మేశాక తెలిస్తే కంపెనీవోళ్ళే పిలిచి ఊరికే మార్చుతారు. మనం ఎల్లకపోతే ఆళ్ళు మర్చిపోతారు. బండి నంబరు కొట్టి చూసుకోండి, పోయేదేటుంది."

పోయేదేమీ లేదని నేనూ అనుకున్నాను.

కంపెనీ సైట్ ఛాసిస్ నంబరు అడిగింది. అది బానెట్ కింద ఒక రేకు మీద చెక్కి ఉంటుంది. బానెట్ ఎత్తి చూస్తే రేకు లేదు, ఎర్రటి పక్కు ఉంది. బండి జాతకం అక్కడే రాసి ఉంటుందని ఎవరో చెప్పగా మా అత్తగారు ఏటా దసరాకు సరిగ్గా దాని మీదే గంధం మెత్తి కుంకం పెడుతున్నారు. చింతపండు, పాత టూత్‌బ్రష్ పుచ్చుకుని తోమితే అంకెలు బయటపడ్డాయి. మేదిని ఒక్కొక్కటే చదువుతుంటే నేను కొట్టాను. ఓనరు ఫోన్‌కు ఓటీపీ పంపామంది సైట్. పరుగున అత్తగారి దగ్గరకు వెళ్ళాను.

"అత్తయ్యా, మీ ఫోన్లో ఏదో నంబరు వచ్చి ఉంటుంది. చెప్పండి."

ఆవిడ ఫోన్‌ను చీర మడతలోకి తోశారు. "చెప్పను. ఎవరడిగినా చెప్పీకమ్మా అని నరహరి ఒట్టేయించుకున్నాడు."

"నేను మీ కోడల్నండీ!"

"మోసాలు చేసీవాళ్ళు కూడా అలగే చెప్తారట."

మేదిని నవ్వాపుకోలేక గుమ్మం అవతలికి వెళ్ళింది. చివరికి ఆవిడ తనే వచ్చి, నా వైపు చూడకుండా అంకెలు తనే నొక్కుతానన్న షరతు మీద నొక్కారు.

తెరంతా ఎరుపైంది. *ఈ వాహనానికి ఒక భద్రతా రీకాల్ పెండింగులో ఉంది. స్టీరింగ్ కడ్డీ ఉచితంగా మార్చబడును.*

ఆవిడ ఫోన్ తెరిచి చూస్తే, అదే సంగతి చెబుతూ కంపెనీ పంపిన మెసేజ్‌లు వరసగా ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు. తెలియని మెసేజ్ ఏదీ విప్పొద్దని కూడా కొడుకు చెప్పాడు, ఆవిడ విప్పలేదు.

మేదిని నవ్వు ఎప్పుడాగిపోయిందో నేను గమనించలేదు. "ఏ కడ్డీ అత్తా?" అంది.

రాత్రి భోజనాల దగ్గర చెప్పాను.

"ఏదో నట్టు మారుస్తారులే" అన్నారు మా ఆయన పెరుగు వడ్డించుకుంటూ.

"నట్టు కాదు. స్టీరింగ్ కడ్డీ."

చెయ్యి ఆగింది. "ఎందుకట?"

"ఎందుకో రాయలేదు. మీకు చెప్పలేదా వాళ్ళు?"

"నాకెందుకు చెబుతారు? చెప్పడానికి ఏముందని? మామూలు ఇనుము చవగ్గా దొరుకుతోంది, మార్చేసుకుంటున్నారు. వ్యాపారం." కంచం జరిపారు. "ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. చేసినవాణ్ణి నేనే నా కారుకు ఆ కడ్డీ పీకించుకుంటే, లోకం ఏమనుకుంటుంది?"

"లోకం సంగతి తరవాత మామయ్యా" అంది మేదిని. గొంతు చాలా మామూలుగా ఉంది. "అందులో లోపం ఉంటే, అప్పుడు కూడా ఉన్నట్టే కదా?"

ఎప్పుడంటే ఎప్పుడని ఎవరూ అడగలేదు.

"లోపం లేదు" అన్నారు మా ఆయన. "ఉంటే నాకు కనిపించేది."

"అన్నం దగ్గర ఆ గొడవలేటిరా" అన్నారు అత్తగారు. "తినీసి లెగండి."

మర్నాడు ఆయన లాబ్‌కు వెళ్ళగానే నేను అత్తగారి గది తలుపు కొట్టాను. "అత్తయ్యా, మీ కారును సర్వీసుకు తీసుకెళ్ళాలి. ఓనరు లేకపోతే ముట్టుకోరట."

ఆవిడ కాసేపు నన్ను చూశారు. "వాడు వద్దన్నాడుగా?"

"అన్నారు. కారు మీదా, ఆయనదా?"

ఆవిడ లేచి పట్టుచీర కట్టుకున్నారు.

పైడిరాజుగారు కారు నడిపారు, మెల్లగా, ఎడమ పక్కకే అంటిపెట్టుకుని. సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ ముందున్న అమ్మాయి అడిగింది, "ఓనరెవరు మేడమ్?"

"నేనే" అన్నారు అత్తగారు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఆ ప్రశ్నకు ఆ జవాబు చెప్పడం అదే మొదటిసారి అనుకుంటాను. మళ్ళీ అడిగితే బాగుండునన్నట్టు చూశారు.

"ఎందుకు మారుస్తున్నారమ్మా ఇది?" అని నేనడిగాను.

"'ముందు జాగ్రత్త' అని ఉంది మేడమ్. అంతకంటే మాకు రాలేదు."

కడ్డీ మార్చారు. బిల్లు లేదు. మిక్సీలో బ్లేడు మార్చినా, గ్యాస్ స్టవ్‌కు బర్నర్ మార్చినా పాతది చేతిలో పడితేగాని కదిలే వంశం కాదు మాది. కొత్తది నిజంగా వేశారని అదే కదా రుజువు. అత్తగారు చెయ్యి చాచారు. "పాతది ఇచ్చీ."

"అది ఇవ్వం మామ్మగారూ. కంపెనీకి పంపించాలి."

"అన్ని పార్టులూ అంతేనా?" అన్నాను.

అమ్మాయి తడబడింది. "లేదండీ. ఈ ఒక్కదానికే రూలు."

అత్తగారు మేనేజరు గది గుమ్మానికి అడ్డంగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. సంచిలోంచి బీపీ మాత్రలు తీసి ఒళ్ళో పరుచుకున్నారు. "నా కారు. నా ఇనుము. ఇచ్చీదాకా ఇక్కడే ఉంటాను. కళ్ళు తిరుగుతున్నాయి అమ్మాయ్, మంచినీళ్ళు. నాకేటైనా అయితే నువ్వే సాక్ష్యం." కాసేపటికి షోరూమ్‌లో కొత్త కార్లు చూస్తున్నవాళ్ళంతా ఆవిణ్ణి చూడ్డం మొదలెట్టారు. మేనేజరు తనే కడ్డీని పేపర్లో చుట్టి తెచ్చి ఒళ్ళో పెట్టాడు.

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి అది భోజనాల బల్ల మీద ఉంది. కోప్పడతారనుకున్నాను. కడ్డీని చేతిలోకి తీసుకుని లైటు కింద తిప్పి చూశారు. మొహం విప్పారింది.

"చూడు, ఒక్క గీతైనా ఉందా? ఇన్నేళ్ళ గతుకుల మీద తిరిగి కూడా పసిపిల్ల బుగ్గలా ఉంది. రేపు లాబ్‌లో కోసి చూపిస్తాను. మీ అనుమానం వదిలిపోవాలి."

"నేనూ వస్తాను మామయ్యా" అంది మేదిని.

ముగ్గురం వెళ్ళాం. ఆయన కడ్డీని బిగించి, నీళ్ళు వదిలి, కోత చక్రం దించారు. పళ్ళు జివ్వుమనే చప్పుడు. ముక్క తెగి ట్రేలో పడింది. తుడిచి, మాకు చూపించబోతూ ముందు తను చూశారు.

చూపించలేదు.

ఇంకోచోట కోశారు. ఇంకోచోట. నేనే వెళ్ళి ట్రేలోకి తొంగి చూశాను. పుచ్చు వంకాయ ఎరిగినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. పైన నిగనిగ, కత్తి పెడితే లోపలంతా పురుగు తిరిగిన దారులు. ఆ కడ్డీ నడిమధ్యన అలా ఉంది. పగులు వచ్చిన ప్రతిసారీ సంజీవి ముందు పైపొర మాన్పుకుంది. పైమూత పడిపోయాక లోపలి చీలిక లోపలే ఉండిపోయింది. మరో పగులు, మరో మూత. పైన పటారం, లోన లొటారం.

మా ఆయన ఒక ముక్కను పట్టకారుతో పట్టుకుని సుత్తితో కొట్టారు. పెంకులా విరిగింది. విరిగిన అంచు మెట్లుమెట్లుగా, గరుగ్గా ఉంది. దాన్ని వేడి పలక మీద పెట్టి, పలకను ఎండలో కాలిన ఇనుమంత వేడికి తిప్పి, స్టూలు మీద కూర్చున్నారు. మేం నిలబడే ఉన్నాం. సైరన్ మోగి లాబ్ వాళ్ళు భోజనాలకు వెళ్ళి తిరిగి వచ్చారు. అప్పుడాయన ఆ ముక్కను తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, పక్కకు జరిగారు. నేను చూశాను. గరుకు పోయింది. అంచు అద్దంలా ఉంది.

"స్టేషన్ ఆవరణలో... ఎండలో ఉన్నాయి అవి" అన్నారు, ఎవరితోనో.

వేసవంతా ఎండలో పడి ఉండి, ఆ రెండు ముక్కలూ తాము ఎలా విరిగాయో చెప్పే గుర్తును తామే మాన్పేసుకున్నాయి. మానిన అంచును చూసి ఈయన రిపోర్టు రాశారు. అడ్డంగా ఒక్క కోత కోసి ఉంటే లోపల కనిపించేది.

మేదిని గోడకు ఆనుకుంది. "అయితే నాన్న నిద్రపోలేదా?" అంది.

ఆ పిల్ల నోట ఆ పిలుపు విని ఎన్నేళ్ళయిందో. విన్నందుకు సంతోషించే స్థితిలో అక్కడ ఎవరమూ లేము.

ఆ తరవాత మా ఆయన అన్నం తిన్నారు, స్నానం చేశారు, లాబ్‌కు వెళ్ళొచ్చారు. కార్ల కంపెనీకి ఫోన్ చేస్తే, "ఆ సంగతి మీతో మాట్లాడే అధికారం మాకు లేదు సార్" అన్నారట. తమకు తెలిసి ఎంతకాలమైందో కూడా చెప్పలేదట. ఆ కోపంతో రెండు పూటలు గడిపారు. పరాయివాడి తప్పు దొరికితే మనిషికి కాస్త ఊపిరాడుతుంది. ఊపిరాడాక కాగితం ముందేసుకుని ఏదో రాయడం మొదలెట్టారు. కాఫీ ఇవ్వబోతూ చూశాను. 'అప్పటి పరీక్షా పద్ధతుల పరిమితుల దృష్ట్యా' అని ఉంది.

"ఇదెవరికి?"

"కోర్టుకు. కేసు తిరగతోడమని. ఒక కాపీ శేషుకు పంపుదాం."

"పోస్టులోనా?"

ఆయన పెన్నుకు మూత పెట్టారు.

"మీరు రాసిన కాగితం వల్లే వాడు జైలుకు వెళ్ళాడు. ఇంకో కాగితం పంపుతారా? బయల్దేరండి."

ఆదివారం పొద్దున విజయనగరం వెళ్ళాం. మేదిని నడిపింది. కొత్త కడ్డీ వేసిన కారే. మలుపు వచ్చినప్పుడల్లా మా ఆయన చెయ్యి తలుపు పిడి మీదికి పోతుంటే అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను. జాలి పడాలో అక్కర్లేదో తేల్చుకోలేకపోయాను.

శేషు తలుపు తీసి, మేదినిని చూసి, గుమ్మంలోంచి పక్కకు తప్పుకోవడం మరిచిపోయాడు.

"రండి బావగారూ, రండి. అక్కా, ఒక ఫోన్ చేస్తే పాలు తెచ్చి ఉంచేవాణ్ణి కదా." కూతురి వైపు చూడకుండానే, కూతురికి వినపడాలని, "ఇల్లు... సర్దలేదు" అన్నాడు.

ఒకే గది. మంచం, రెండు కుర్చీలు, గోడకు కాత్యాయని ఫోటో. మా ఆయన కుర్చీలో కూర్చుని జేబులోంచి కాగితం తీశారు.

"శేషూ, ఇటీవల జరిపిన పరిశీలనలో, అప్పట్లో మేం అనుసరించిన పరీక్షా విధానానికి కొన్ని పరిమితులు ఉన్నట్టు..."

"ఏమండీ, మా తమ్ముడు లెక్కల మాస్టారు" అన్నాను. "జవాబు చెప్పండి. స్టెప్పులు తరవాత చూసుకుంటాడు."

ఆయన కాగితం దించారు. "కడ్డీ ముందే విరిగింది. లోపల ఎప్పుడో పుచ్చిపోయి ఉంది. నువ్వు నిద్రపోలేదు."

శేషు మర్యాదగా నవ్వాడు. ఇంటికొచ్చిన బావగారు ఏదో ఓదార్పు మాట అంటే నవ్వినట్టు.

"లేదు బావగారూ. నిద్రపోయాను. నాకు బాగా గుర్తుంది. కల కూడా వచ్చింది. కాత్యాయని ఏదో అడుగుతోంది, నాకు నోరు పెగల్లేదు. అప్పుడే పడిపోయాం."

"అది తరవాత వచ్చిన కల నాన్నా" అంది మేదిని.

వాడు తల తిప్పి దాన్ని చూశాడు. పెదవులు కదిలాయి. వెంటనే తల అడ్డంగా ఊపాడు.

"వద్దమ్మా. నా కోసం అలా అనకు. ఇది ఒప్పుకోవడానికి నేను చాలా కష్టపడ్డాను. జైల్లో రోజూ ఒప్పుకున్నాను. ఇక్కడ మీ అమ్మ ముందు దీపం పెట్టినప్పుడల్లా ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు కాదంటే..." గోడ మీది ఫోటో వైపు చూశాడు. "అది నన్ను నిద్ర లేపే ఉంటుంది, నేనే లేవలేదు అనుకుంటూ బతుకుతున్నాను. మెలకువగానే ఉన్నానంటే, చక్రం తిప్పుతూనే దాన్ని పోగొట్టుకున్నానంటే, నేను మళ్ళీ మొదట్నించీ ఏడవాలి బావగారూ. నా వల్ల కాదు. నిద్రపోయాననే ఉండనివ్వండి."

మేదిని వెళ్ళి వాడి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. దాన్ని ముట్టుకోవచ్చో లేదో తెలియక వాడి చెయ్యి మోకాలి మీదే ఉండిపోయింది. పక్కింట్లో కుక్కర్ కూత వేసింది. మా ఆయన నా వైపు చూశారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన తడుముకున్న మాటలన్నీ నేనే అందించాను. ఆ ఒక్కటి అందించలేదు.

ఆయన కాగితాన్ని మడిచి కుర్చీ మీద పెట్టి లేచి నిలబడ్డారు.

"శేషూ, ఇన్నాళ్ళూ నువ్వు ఒప్పుకుంటున్నది నా తప్పు. కోసి చూడాల్సింది. చూడకుండానే తెలుసని రాశాను. తప్పు చేసింది నేను."